రంగు కింద మన నంబరు

రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా తయారు చేసిన బి-24 లిబరేటర్ బాంబర్లు 18 వేలకు పైమాటే. ఇవాళ భూగోళమంతా గాలించినా ముక్కు నుంచి తోక దాకా నిలిచి ఉన్నవి డజను పైచిలుకు. అందులో దాదాపు సగం మనవి. మనం తయారు చేసినవని కాదు. ఇంకొకరు విరగ్గొట్టి వదిలేసిపోతే మనవాళ్లు బాగు చేసుకుని, ఇరవై ఏళ్లు ఎగరేసుకుని, 1968లో పక్కన పెట్టినవి. వాటి విలువ విదేశీ మ్యూజియాలకు అప్పుడే తెలిసింది. మనకు ఇప్పటికీ తెలియాల్సినంత తెలియలేదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. తాంబరంలో ట్రైనింగు, ఆ తర్వాత దేశం నాలుగు మూలలా హ్యాంగర్లు, చివరికి విశాఖలో ఇల్లు. నేను చేరేనాటికి లిబరేటర్లు వెళ్లిపోయాయి. కానీ మాకు రివెట్ కొట్టడం నేర్పిన పెద్దవాళ్లలో కొందరు పుణె లోహెగావ్‌లో వాటి కింద వెల్లకిలా పడుకుని పనిచేసినవాళ్లే. “లిబరేటర్ కింద నిలబడితే నెత్తి మీద హైడ్రాలిక్ ఆయిల్ చుక్క పడాలి. పడలేదంటే లోపల ఆయిల్ లేదని అర్థం” అనేవారు వాళ్లలో ఒకాయన. బాంబులు వేలాడదీసే గది మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి జానెడు వెడల్పు దారి మాత్రమే ఉంటుందట. భారీ మనిషి పారాచూట్ తగిలించుకుని అందులోంచి పోవాలంటే ఊపిరి బిగబట్టి పక్కవాటుగా జరగాల్సిందే. బాంబు తలుపులు కిందికి తెరుచుకోవు. కొట్టు షట్టర్‌లా చుట్టుకుంటూ పక్కలకు పైకి పోతాయి. ఇవన్నీ విన్నవే అయినా, మెకానిక్ చెప్పిన మాట మెకానిక్‌కి చూసినట్టే ఉంటుంది.

మెకానిక్‌కి విమానం అంటే నంబరు. పైలట్లు ముద్దుపేర్లు పెట్టుకుంటారు, పత్రికలు బిరుదులిస్తాయి. మేం విమానం పనుల పుస్తకం ఫామ్ 700 తెరిచి, నంబరు చూసి, చేసిన పని రాసి సంతకం పెడతాం. ఆ సంతకం మీద నమ్మకంతోనే పైలట్ ఎక్కుతాడు. ఒక్క అంకె తేడా వచ్చినా అది వేరే విమానం. అందుకే పాత విమానాల జాడ తీసేవాళ్లన్నా, ఆ పని అన్నా నాకు గౌరవం. వాళ్లు చేసేది మేం చేసినదే, వెనక నుంచి ముందుకు.

బ్రిటన్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉన్న లిబరేటర్‌నే చూడండి. అమెరికా ఫ్యాక్టరీలో నుంచి వచ్చేటప్పుడు దాని నంబరు 44-50206. బ్రిటిష్ వాయుసేన తీసుకున్నాక కేఎన్ 751. మన వాయుసేనలో హెచ్‌ఈ 807. ఒకటే లోహం, మూడు దేశాలు, మూడు నంబర్లు. ఈ మూడూ ఒకే విమానానివని రుజువు చేయాలంటే ఏదో ఒక దస్తావేజు, కాక్‌పిట్‌లో కొట్టిన చిన్న లోహపు ప్లేటు, లేదా రంగు గీకితే కింద బయటపడే పాత అక్షరాలు ఉండాలి. ఈ ఆధారాలు మూడూ పోతే అది ఊరూపేరూ లేని రేకు.

ఇక కాన్పూర్ కథ. యుద్ధం ముగిశాక అక్కడి చకేరీ విమానాశ్రయంలో వందకు దగ్గరగా లిబరేటర్లు బారులు తీరి ఉన్నాయి. అవి లెండ్-లీజ్ ఒప్పందం కింద బ్రిటన్‌కు అమెరికా ఇచ్చినవి. యుద్ధం అయ్యాక తిరిగి ఇవ్వాలి, లేదా డబ్బు కట్టాలి, లేదా పనికిరాకుండా చేయాలి. తిరిగి తీసుకోవడానికి అమెరికాకు మోజు లేదు. తన దగ్గరే వేలకొద్దీ మిగిలిపోయాయి. ఆరిజోనాలోని కింగ్‌మన్‌లో అయిదు వేలకు పైగా యుద్ధవిమానాలను పోగేసి, నరికి, కరిగించి అల్యూమినియం దిమ్మెలుగా పోసిన రోజులవి. డబ్బు కట్టే స్థితిలో బ్రిటన్ లేదు. అందుకని కాన్పూర్‌లో మూడో దారి పట్టారు. ఇంజిన్లలో ఇసుక పోశారు. కాక్‌పిట్లలో మీటర్లు పగలగొట్టారు. కొన్నింటిని లారీలతో గుద్దించారు. ఇక ఎవడూ వీటిని ఎగరేయలేడని నమ్మకం కుదిరాక వెళ్లిపోయారు.

స్వాతంత్ర్యం వచ్చిన రెండు నెలలకే కశ్మీర్‌లో యుద్ధం. మన వాయుసేనకు భారీ బాంబర్ లేదు. అప్పుడు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (ఇప్పటి హెచ్‌ఏఎల్) వాళ్ల కన్ను కాన్పూర్ తుక్కు మీద పడింది. వాల్‌చంద్ హీరాచంద్ చొరవతో 1940లో బెంగళూరులో మొదలైన కంపెనీ అది. యుద్ధంలో అమెరికన్ సైనిక విమానాలకు మరమ్మతులు చేసిన చోటు కాబట్టి అక్కడి పనివాళ్లకు లిబరేటర్ కొత్త కాదు. ఇంజినీర్లు, మెకానిక్‌లు కాన్పూర్ వెళ్లి ఒక దాని భాగాలు ఇంకొకదానికి బిగించి, బెంగళూరు దాకా ఎగిరితే చాలన్నంత వరకు సిద్ధం చేశారు. అలా అతుకులు వేసిన ఆ విమానాలను ఒక్కొక్కటే బెంగళూరు తీసుకొచ్చినవాడు కంపెనీ టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ. ఎండల్లో, సగం మీటర్లు చచ్చిపోయిన కాక్‌పిట్‌లో, లోపల ఇసుక పూర్తిగా పోయిందో లేదో తెలియని ఇంజిన్ల మీద. ఆయన పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా ఉందేమో వెతికి చూడండి. బెంగళూరులో అసలు ఓవర్‌హాల్ జరిగేది. అలా నలభైకి పైగా విమానాలు మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. 1948 నవంబరులో కాన్పూర్‌లోనే 5వ స్క్వాడ్రన్ వీటితో మొదలైంది. పాడుచేసిన చోటే.

తర్వాత 6వ స్క్వాడ్రన్ వీటిని సముద్రం మీద గస్తీకి వాడింది. విశాఖవాసిగా ఇక్కడ ఒక మాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా ఊరి మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత ఏడాది నుంచి బ్రిటిష్ లిబరేటర్లు కటక్‌లో మకాం వేసి బంగాళాఖాతం మీద గస్తీ తిరిగాయి. స్వతంత్ర భారతంలో ఆ సముద్రపు గస్తీని మన లిబరేటర్లు, వాటి తర్వాత సూపర్ కాన్‌స్టెలేషన్లు చేశాయి. 1976లో ఆ పని వాయుసేన నుంచి నౌకాదళానికి వెళ్లింది. ఆ వరసలో తర్వాత వచ్చినదే టీయూ-142. ఇప్పుడు ఆర్కే బీచ్‌లో టికెట్ కొనుక్కుని ఎక్కి చూస్తున్నామే, అది. సెలవు రోజుల్లో అక్కడ పిల్లలు కిక్కిరిసి ఉంటారు. ఆ వంశంలో మొదటిదేదో చెప్పే బోర్డు ఒకటి పక్కన పెడితే ఖర్చు ఎంతవుతుంది?

1968 చివరికి లిబరేటర్ల పని అయిపోయింది. ఆ పాటికి ప్రపంచంలో వాటిని సైన్యంలో వాడుతున్నది మనమొక్కళ్లమే. మిగతా దేశాలు కరిగించేసి, గిన్నెలు చేసుకుని, ఆపైన పాతరోజులు గుర్తొచ్చి బెంగపెట్టుకునే వేళకు మన దగ్గర అవి ఇంజిన్ వేడిగా ఉండగానే దొరికాయి. కెనడా ఒక లైసాండర్ విమానం మనకిచ్చి ఒక లిబరేటర్ పుచ్చుకుంది. ఆ లైసాండర్ ఇప్పుడు ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఉంది. లిబరేటర్ ఒట్టావాలో ఉంది. 1969లో ఒకటి ఎగిరి ఆరిజోనాలోని టుసాన్ చేరింది. ఇందాక చెప్పిన హెచ్‌ఈ 807 1974లో ఎగిరే బ్రిటన్ వెళ్లింది. ఇంకొకటి ఫ్లోరిడా పోక్ సిటీ చేరింది. ఎండకూ వానకూ పడున్న మరొకదాన్ని 1980ల మొదట్లో ఒక బ్రిటిష్ సేకరణకర్త కొని విప్పి ఇంగ్లండ్ తీసుకుపోయాడు. 1984లో అమెరికాలోని కాలింగ్స్ ఫౌండేషన్ దాన్ని కొని, ఏళ్ల తరబడి బాగు చేయించి, 1989లో మళ్లీ గాల్లోకి లేపింది. మనకు మిగిలింది పాలంలోని హెచ్‌ఈ 924.

మారకం బేరాన్ని నేను తప్పుపట్టను. లైసాండర్ కూడా మనవాళ్లు యుద్ధంలో నడిపిన విమానమే, అది మన మ్యూజియంలో ఉండాల్సిందే. మన దగ్గరే ఉండిపోయి ఉంటే ఈ అయిదింటిలో ఎన్ని గ్యాస్ కట్టర్ కింద పోయేవో నాకు బాగా తెలుసు. పోయినందుకు కాదు నా బాధ. రంగు మార్చినందుకు.

టుసాన్‌లో ఉన్నదానికి అమెరికన్ బాంబర్ పేరు, బొమ్మ. ఒట్టావాలో ఉన్నదానికి కెనడా గుర్తులు. కాలింగ్స్ వాళ్లది మొదట ‘ఆల్ అమెరికన్’, తర్వాత ‘డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్’, ఇప్పుడు ‘విచ్‌క్రాఫ్ట్’. ఆ పేర్లున్న అసలు విమానాలు వేరు. అవి ఏనాడో పోయాయి. వాటి వేషం దీనికి వేశారు. తమ సైనికుల్ని తలుచుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది, అర్థం చేసుకోగలను. అయినా లెక్క లెక్కే కదా. వీటిలో చాలావాటి యుద్ధ సేవ మహా అయితే ఒకటి రెండేళ్లు. భారత వాయుసేనలో ఇరవై ఏళ్లు. ఎక్కువ కాలం కాపాడినవాళ్ల గుర్తు రెక్కల మీద ఎక్కడా కనిపించదు. ఫలకం మీద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. అడిగి మార్పించుకోవాల్సిన బాధ్యత మనది. ఇప్పటిదాకా ఎవరూ గట్టిగా అడిగినట్టు లేదు.

జాడ తీయడం ఎలా ఉంటుందో చెబితే నంబరు మీద నా పట్టింపు ఎందుకో తెలుస్తుంది. లిబరేటర్ కన్సాలిడేటెడ్ కంపెనీ 32వ నమూనా. అందుకని దాని విడిభాగాల నంబర్లు 32తో మొదలవుతాయి. అడవిలో దొరికిన అరచేతంత ముక్క మీద ఆ అంకె కనిపిస్తే ఏ రకం విమానమో తేలిపోతుంది. కానీ ఆ రకంలో ఏ ఒక్కటి? అప్పుడు తప్పిపోయిన విమానాల మీద అమెరికా సైన్యం రాసిన నివేదికలు తీస్తారు. ఆ నివేదికల్లో విమానం నంబరుతో పాటు నాలుగు ఇంజిన్ల నంబర్లు, మెషిన్‌గన్ల నంబర్లు కూడా ఉంటాయి. ఆ గుమాస్తా ఎవరో, వాడికి నా దండాలు. తోక కాలిపోయినా, ప్లేటు ఎవరో పీక్కుపోయినా, బురదలో ఒక్క తుపాకీ దొరికితే పదిమంది పేర్లు బయటికొస్తాయి.

ఇది ఎక్కడో జరిగిన సంగతి కాదు. 1944 జనవరి 25న చైనాలోని కున్‌మింగ్ నుంచి అస్సాం చబువా వస్తూ ‘హాట్ యాజ్ హెల్’ అనే లిబరేటర్ ఎనిమిది మందితో మాయమైంది. 2006లో క్లేటన్ కూల్స్ అనే అమెరికన్ అరుణాచల్‌ప్రదేశ్‌లో దమ్రో ఊరి పైన కొండల్లో దాని శకలాలు కనిపెట్టాడు. దారి చూపింది ఆ కొండల్లో తిరిగే స్థానికులు. 2016లో కొన్ని అవశేషాలను ఢిల్లీ నుంచి సైనిక గౌరవాలతో అమెరికా పంపారు. మరుసటేడు వాటిలో ఒక లెఫ్టినెంట్‌ను గుర్తుపట్టి జార్జియా రాష్ట్రంలో ఆయన సొంత ఊళ్లో ఖననం చేశారు. డెబ్బై మూడేళ్ల తర్వాత. నంబర్లు రాసిపెట్టకపోతే ఆ ఇంటికి ఏ జవాబూ వెళ్లేది కాదు. ఆ హిమాలయ మార్గంలో పోయిన విమానాల గుర్తుగా 2023 నవంబరులో పాసీఘాట్‌లో ఒక మ్యూజియం తెరిచారు. అరుణాచల్ చేసిన పాటి పని చాలా రాష్ట్రాలు చేయలేదు.

నిండు విమానం మిగలకపోయినా జాడ దాచుకోవచ్చు. ఇంగ్లండ్‌లో హాలిఫాక్స్ అనే బాంబర్లు 6,176 తయారయ్యాయి. దాదాపు అన్నీ పోయాయి. స్కాట్లాండ్ లూయిస్ ద్వీపంలో ఒక రైతు ఒకదాని మొండెం కొని కోళ్లగూడుగా వాడుకున్నాడు. ఆ ముక్కను యార్క్‌షైర్ మ్యూజియం వాళ్లు తెచ్చి, హేస్టింగ్స్ రవాణా విమానం రెక్కలు తగిలించి నిలబెట్టారు. ఏ ముక్క ఎక్కడిదో దాచలేదు. అతుకుల విమానమైనా అబద్ధపు విమానం కాదది. స్టిర్లింగ్ అనే ఇంకో నాలుగింజిన్ల బాంబర్‌కు ఆ కోళ్లగూడు భాగ్యం కూడా దక్కలేదు. రెండు వేలకు పైగా తయారైతే నిండుగా ఒక్కటీ మిగల్లేదు.

మన దగ్గర? నేను పనిచేసిన ఒకచోట పాత రవాణా విమానాల్ని తూకానికి అమ్మారు. కాంట్రాక్టరు మనుషులు గ్యాస్ కట్టర్లతో దిగారు. కోసేముందు కాక్‌పిట్ ప్లేట్లు విప్పి దాచుకుందామని నేను అడిగాను. “తుక్కు మొత్తానికి వేలం అయిపోయింది. రేపు తూకంలో తేడా వస్తే నువ్వు జవాబు చెబుతావా?” అన్నారు పైవాళ్లు. ప్లేటు బరువు యాభై గ్రాములుండదు. ఆ విమానాల లాగ్ పుస్తకాలు ఆపైన ఎటు పోయాయో ఎవరూ చెప్పలేదు. నేను వాళ్లను నిందించను. రూలు పుస్తకంలో తూకం ఉంది, ప్లేటు లేదు.

ఆ రూలు మార్చాల్సిన సమయం ఇది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. అరవై రెండేళ్లు ఎగిరిన విమానం. వందల కొద్దీ వచ్చాయి, ఎన్నో కూలిపోయాయి, ఎందరో పైలట్లు పోయారు. వాటి ఇంజిన్లు కోరాపుట్‌లో, ఏవియానిక్స్ మన హైదరాబాద్ బాలానగర్‌లో తయారయ్యాయి. కొన్ని వేల తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టిన విమానం. ఇక మిగిలిన వాటిలో కొన్ని కూడళ్లలో, కాలేజీ ఆవరణల్లో దిమ్మెల మీదికి ఎక్కుతాయి. ఇప్పటికే ఎక్కినవాటిలో నేను చూసినవి కొన్ని: మెరిసే కొత్త రంగు, ఎవరు ప్రారంభించారో చెప్పే పెద్ద శిలాఫలకం, విమానం నంబరు మాత్రం లేదు. ఏ స్క్వాడ్రన్‌దో లేదు. ఏ యుద్ధం చూసిందో అంతకన్నా లేదు. అది విమానం కాదు, విమానం ఆకారంలో ఉన్న అలంకారం.

ప్రతి పాత విమానాన్నీ దాచాలని నేననను. దాచలేం. స్థలం లేదు, డబ్బు లేదు, తుప్పు ఆగదు. తుక్కుకు పోవాల్సింది పోనీ. కానీ పోయేముందు నాలుగు వైపులా ఫొటో, ప్లేటు, లాగ్ పుస్తకం, ఎప్పుడు ఎక్కడ ఎవరికి అమ్మారన్న ఒక్క వరుస. ఇవి నిలవాలి. ఇందులో రహస్యం ఏముంది? రక్షణశాఖే 2021 జూన్‌లో ఒక విధానం ప్రకటించింది. మామూలుగా 25 ఏళ్లు దాటిన రికార్డులపై గోప్యత ఎత్తేయాలని, పరిశీలించి జాతీయ ఆర్కైవ్స్‌కు అప్పగించాలని. 1968లో రిటైరైన బాంబర్ల కాగితాలకు ఆ గడువు ఎన్నడో దాటింది. ఎన్ని ఉన్నాయో, ఎన్ని చెదలు తిన్నాయో ముందు ఒక జాబితా పెట్టమనండి.

విదేశీ మ్యూజియాల విషయంలో చేయాల్సింది ఇంకా తేలిక. మన రాయబార కార్యాలయాలు ఒక్కో ఉత్తరం రాస్తే చాలు. రంగు మార్చమని కాదు. అశోకచక్రం ఉన్న దేశం దీన్ని తుక్కులోంచి లేపి రెండు దశాబ్దాలు నడిపిందని, అందుకే ఇది ఇవాళ మీ ముందు ఉందని, చూడవచ్చినవాళ్లకు చదవగలిగేంత అక్షరాల్లో రాయమని. అమెరికాలో మ్యూజియాలు చూసే తెలుగువాళ్లకు కొదవ లేదు. టుసాన్ వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా కౌంటర్ దగ్గర ఈ ఒక్క ప్రశ్న అడగండి. పదిమంది అడిగితే బోర్డు మారుతుంది.

ఇక్కడున్నవాళ్లకు నా విన్నపం వేరు. మీ ఇంట్లో వాయుసేనలోనో, బెంగళూరు, కాన్పూర్, బాలానగర్ హెచ్‌ఏఎల్‌లోనో చేసిన పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల ట్రంకుపెట్టెలో పైలట్ లాగ్ బుక్కో, టూల్ రూమ్ డైరీయో, తోక ముందు నిలబడి దిగిన గ్రూప్ ఫొటోయో ఉండే ఉంటుంది. దాన్ని పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. తోక మీది నంబరు చదవగలిగేలా ఫొటో తీసి దాచండి. పెద్దాయన ఉండగానే పక్కన కూర్చుని, ఎడమ నుంచి కుడికి ఎవరెవరో, ఏ ఊళ్లో, ఏ ఏడాదో వెనకవైపు పెన్సిల్‌తో రాయించండి. పెన్ను వద్దు, సిరా అవతలికి దిగుతుంది.